చక్రముల యింటికి చలికాలపు సన్నాహము

కారవాన్ అను మాట వినగానే మా చదువరులలో పెద్దలకు ఎడారిదారిని సాగిపోవు ఒంటెల బారులును, పిల్లలకు చలనచిత్ర నటులు విశ్రమించు పెద్ద మోటారుబండియు జ్ఞప్తికి వచ్చును. ఈ వ్యాసమున మేము చెప్పబోవునది ఆ రెండును గాదు. ఇంగ్లండు, స్కాట్లండు మొదలగు దేశములయందు మోటారుకారు వెనుక తగిలించి లాగికొనిపోవు చిన్న యిల్లొకటి గలదు. అచ్చటివారు దానినే కారవాన్ అందురు. అందు పడకలు, పొయ్యి, పాత్రలు కడుగు తొట్టి, స్నానపుగది, మరుగుదొడ్డి అన్నియు నిమిడియుండును. సెలవుదినములలో భార్యాబిడ్డలతో దానిలో బయలుదేరి, సముద్రతీరముననో కొండలనడుమనో నిలుపుకొని, కొన్నాళ్లు సుఖముగా గడిపి మరల నింటికి వత్తురు.

ఈ యాచారము నిన్న మొన్నటిది గాదు. నౌకాదళమున వైద్యుడుగా పనిచేసి, పిమ్మట బాలుర కథలు వ్రాసి పేరుపొందిన గోర్డన్ స్టేబుల్సు అను స్కాట్లండు దేశీయుడు 1885వ సంవత్సరమున బ్రిస్టలు నగరమందలి బండ్ల కర్మాగారమున ‘వాండరర్’, అనగా సంచారి, యను పేరుగల బండిని చేయించెను. దానికి రెండు గుఱ్ఱములను గట్టి, ఇంగ్లండు దక్షిణభాగమునుండి స్కాట్లండునందలి ఇన్వర్నెస్ వఱకు ప్రయాణము చేసెను. వినోదయాత్రకై కట్టించిన కారవాన్లలో దీనినే మొదటిదిగా నెంచుదురు. 1907లో ఆ దేశమున కారవాన్ క్లబ్బు స్థాపితమయ్యెను. 1919లో బర్మింగుహాము నగరమున ఎకిల్సు అను సంస్థ మోటారుకారు లాగదగిన కారవాన్లను చేసి విక్రయింప నారంభించెను. ఆ కాలపు బండ్లలో నీరనగా బిందెయు చెంబును మాత్రమే. నేటి కారవానులో కుళాయి త్రిప్పిన చన్నీరును వేన్నీరును వచ్చును. సౌకర్యము పెరిగినకొలది జాగ్రత్తయు పెరుగవలసి వచ్చినది. ఆ జాగ్రత్త యెట్టిదో, దానికి శాస్త్రకారణమేమో వివరించుటయే మా యుద్దేశము.

నీరు నడచు త్రోవ

మొదట ఈ చిన్న యింట నీరు ఏ త్రోవను నడచునో తెలిసికొనవలెను. బండి వెలుపల నేలమీద సుమారు 40 లీటర్లు పట్టు ప్లాస్టిక్ పీపా యొకటి యుండును. దానిని కుళాయికడ నింపి, బండిచక్రమువలె దొర్లించుకొని వత్తురు. ఆ పీపాలో నొక చిన్న విద్యుత్పంపును మునుగునట్లు దించుదురు. అది 12 వోల్టుల బ్యాటరీచే నడచును. లోపల నెవరైన కుళాయి తెఱచినతోడనే ఆ కుళాయిలోని చిన్న మీట తగిలి పంపు తిరుగును; మూసిన నాగును.

పంపునుండి వచ్చిన నీరు గోడయందలి రంధ్రముగుండ వడపోతలో ప్రవేశించి, అచ్చట రెండు పాయలగును. ఒక పాయ తిన్నగా కుళాయిలకు పోవును. రెండవది సుమారు 10 లీటర్లు పట్టు వేన్నీళ్ల పాత్రలో జొచ్చి, గ్యాసుచేతనో విద్యుత్తుచేతనో కాగి, మరియొక గొట్టమున కుళాయిలకు చేరును. మరుగుదొడ్డికి నీళ్లు కొట్టుటకు చిన్న తొట్టి వేఱుగా నుండును. వాడిన నీరు నేలక్రింది గొట్టములగుండ వెలుపలనున్న మురుగుపీపాలో పడును. ఇట్లు బల్లలక్రిందను, పడకలక్రిందను, కంటికి కనబడని మూలలందును గొట్టములు పాకియుండును. గోడలు పలుచనివి. పొయ్యి వెలుగని దినములలో లోపలి చలికిని వెలుపలి చలికిని భేదము స్వల్పము.

గడ్డకట్టు నీటి బలము

మన మైదాన గ్రామములలో పుష్యమాసపు చలికి కుండలోని నీరు చల్లబడునే గాని గడ్డకట్టదు. అందుచే ఈ యపాయము మనకు క్రొత్తగా దోచును. బ్రిటనులో నట్లు గాదు. 1963వ సంవత్సరము జనవరి నెలలో మధ్య ఇంగ్లండునందలి సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువ 2.1 సెంటిగ్రేడు డిగ్రీలు. 20వ శతాబ్దమున అచ్చట నంత చల్లని నెల మరియొకటి లేదు. స్కాట్లండునందలి బ్రేమారు గ్రామమున 1895లోను, 1982లోను, ఆల్ట్నహారా గ్రామమున 1995లోను సున్నకు దిగువ 27.2 డిగ్రీల వఱకు చలి దిగినది.

సామాన్యముగా ద్రవపదార్థములు చల్లబడినకొలది కుదించుకొనును. ఘనీభవించినపుడు మఱింత కుదించుకొనును. నీరు మాత్రము కొంతవఱకే ఈ ధర్మమును పాటించును. సుమారు 4 డిగ్రీల వఱకు కుదించుకొని, అటుపిమ్మట చల్లబడినకొలది వ్యాకోచింప నారంభించును. 0 డిగ్రీలకడ మంచుగడ్డయగునపుడు దాని పరిమాణము ఒక్కసారిగా నూటికి సుమారు 9 పాళ్లు పెరుగును. 10 లీటర్ల నీరు గడ్డకట్టినచో సుమారు 10.9 లీటర్ల చోటు కావలెను. మంచుగడ్డ నీటిపై తేలుటకును ఇదియే కారణము. ఈ ధర్మమువలననే చెరువుల పైభాగము గడ్డకట్టినను అడుగున నీరు నిలిచి చేపలు బ్రదుకుచున్నవి. చేపలకు ప్రాణరక్షయైన యీ గుణమే గొట్టములకు ప్రాణాంతకమగుచున్నది.

ఆ పెరుగుదలను అడ్డగించిన నేమగును? మేజర్ ఎడ్వర్డు విలియమ్సు అను ఫిరంగిదళపు అధికారి 1784, 1785 సంవత్సరములలో కెనడా దేశమందలి క్విబెక్కు నగరమున దీనిని పరీక్షించెను. బోలుగానుండు ఇనుప ఫిరంగిగుండ్లను నీటితో నింపి, రంధ్రములకు ఇనుప బిరడాలను బిగగొట్టి, రాత్రి చలిలో నుంచెను. నీరు గడ్డకట్టగా ఆ బిరడాలు వందలకొలది అడుగుల దూరమున కెగిరిపడెను. బిరడా కదలకుండ బిగించినచోట ఇనుపగుండే పగిలెను. ఇనుపగుండే యోర్వలేని యొత్తిడిని ప్లాస్టిక్ కుళాయి యెట్లోర్చును?

ఇచ్చట నొక సూక్ష్మమును గమనింపవలెను. మూతలేని పాత్రలోని నీరు గడ్డకట్టినను, పైకి పొంగుటకు చోటుండుటచే పాత్ర తఱచుగా నిలుచును. గొట్టములో నట్లు గాదు. ఒకచోట మంచు బిరడావలె నడ్డుపడును. దానికిని మూసియున్న కుళాయికిని నడుమ చిక్కుకొన్న నీటికి పోవుటకు దారి లేదు. మంచు పెరిగినకొలది ఆ నీటిపై నొత్తిడి హెచ్చి, మిక్కిలి బలహీనమైన చోటు బ్రద్దలగును. మెత్తని గొట్టము కొంత సాగి బ్రదుకవచ్చును. సాగని కుళాయి, పంపు, వడపోతగిన్నె, వేన్నీళ్ల పాత్ర యివియే పగులును. కావున మొదటి దోషి చలి గాదు. దారి లేక చిక్కుకొనియున్న నీరు. వట్టి గొట్టమును చలి యేమియు చేయజాలదు. ఇకముందు చెప్పబోవు పనులన్నియు ఈ యొక్క మాటకు వ్యాఖ్యానములే.

పనుల వరుస

ఆకులు రాలు కాలమున, మొదటి గడ్డచలి రాకమునుపే యీ పనికి బూనుకొనవలెను. రాత్రి గడ్డకట్టిన పిమ్మట ఉదయమున నీరు విడువబోవుట ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వుటవంటిది.

మొదట వేన్నీళ్ల పాత్రకు గ్యాసును విద్యుత్తును ఆపి, లోని నీరు చల్లారువఱకు వేచియుండవలెను. కాగిన నీటిని త్వరపడి విడిచినవారికి చేతులు కాలుట తప్పదు. పిమ్మట పంపునకు విద్యుత్తు నిలుపవలెను. కుళాయిలన్నియు తెఱచి యుంచవలసియున్నది గనుక, విద్యుత్తున్నచో పంపు ఊరక తిరిగి, నీరు లేక వేడెక్కి చెడిపోవును. పీపానుండి పంపును తీసి, అందలి నీటిని విదిలించి, ఇంటిలోపల భద్రపఱుపవలెను. పీపాను బోర్లించి ఆరనీయవలెను.

తరువాత కుళాయిలను తెఱవవలెను. చన్నీటికిని వేన్నీటికిని ఒకే పిడియున్న కుళాయిలలో పిడిని పైకెత్తి సరిగా నడుమ నిలుపవలెను. ఒక ప్రక్కకు త్రిప్పియుంచినచో రెండవ గొట్టము మూసినట్లే యగును. దానిలోని నీరు కదలదు. స్నానపు జల్లుగొట్టమును కొక్కెమునుండి దించి, జల్లుమూతిని నేలపై నుంచవలెను. అది యెత్తున వ్రేలాడుచున్నంతకాలము దాని వంపులో నీరు నిలిచియుండును.

ఇప్పుడు వేన్నీళ్ల పాత్ర యడుగుననున్న విడుదలమీటను తెఱవవలెను. నీరు బండిక్రింద నేలపై ధారగా పడును. కుళాయిలు ముందుగా తెఱచుటకు కారణమిచ్చటనే తెలియును. పైనుండి గాలి లోనికి రానిచో క్రిందనుండి నీరు వెలుపలికి రాదు. డబ్బాకు ఒక్క రంధ్రమే చేసి నూనె వంపినపుడు గుటగుట లాడుచు ఆగి యాగి పడుటయు, ఎదురుగా రెండవ రంధ్రము చేసినంతనే ధారకట్టుటయు మన యిండ్లలో చూచుచున్నదే గదా. చన్నీటి గొట్టములకు వేఱుగా విడుదలమీట యున్నచో దానినిగూడ తెఱవవలెను. ధార నిలిచినంతమాత్రమున పని ముగిసినదని యెంచరాదు.

ఏలయనగా గొట్టములు నేలకు సరిసమానముగా నుండవు. ఒకచోట వంగి, ఒకచోట లేచి యుండును. వంపులలో నీరు నిలుచును. అందుచే బండి ముందుభాగముననున్న చిన్న చక్రపు కాలును త్రిప్పి, బండి మూతిని మొదట పైకెత్తి కొంతసేపును, పిదప దించి కొంతసేపును నిలుపుదురు. ఇట్లు చేసినపుడు ఆగిపోయిన ధార మరల నారంభమగుట కన్నులార చూడవచ్చును. మఱికొందఱు కాలితో త్రొక్కు చిన్న గాలిపంపుతో గొట్టములలోనికి మెల్లగా గాలి నూది నీటిబొట్లను తఱుముదురు. మోటారు చక్రములకు గాలికొట్టు పెద్దయంత్రమును దీనికి వాడరాదు. దాని బలమునకు గొట్టముల యతుకులు ఊడిపోవును.

తదుపరి వడపోతను విప్పి, లోని గుళికను పాఱవేసి, గిన్నెలోని నీటిని తుడువవలెను. మఱచిపోవుటకు మిక్కిలి యనువైన చోటిదియే. ఆ గిన్నె మూసియుండుటచే నీరు కనబడదు.

మరుగుదొడ్డి విషయమున సంకోచింపరాదు. నీళ్లు కొట్టు తొట్టిని పూర్తిగ ఖాళీచేయవలెను. మలపాత్రను నిర్ణీతస్థలమున పాఱబోసి, కడిగి, ఆరబెట్టవలెను. దాని నోటికడనున్న రబ్బరుపట్టీని తుడిచి, దానికని విక్రయించు సిలికోను తైలమును పూసి, మూతను తెఱచి యుంచవలెను. మూసియుంచినచో నెలల తరబడి యొత్తిడికి రబ్బరు అంటుకొని చినుగును. వంటనూనె పూయుట హాని. అది రబ్బరును చెఱచును. నేలక్రింది మురుగు గొట్టములను తాకి చూచి, జాఱినచోట నిలిచిన నీటిని ఎత్తి వంపవలెను. మురుగుపీపాను కడిగి బోర్లించవలెను.

కడపట తొట్ల రంధ్రములకు మూతలు పెట్టవలెను. దుర్గంధమును పురుగులును లోనికి రాకుండును. కుళాయిలను, విడుదలమీటలను మాత్రము చలికాలమంతయు తెఱచియే యుంచవలెను. ఎంత శ్రద్ధ వహించినను గొట్టములలో కొన్ని బొట్లు మిగులును. దారి తెఱచియున్నచో ఆ బొట్లు గడ్డకట్టినను వ్యాపించుటకు చోటుండును గనుక హాని లేదు. పని ముగియగానే చక్కదనముకొఱకు కుళాయిలు మూయువాడు తన శ్రమను తానే వ్యర్థము చేసికొన్నవాడగును. కొన్ని భీమా యొడంబడికలలో, నీరు విడువని బండికి గడ్డచలిచే కలిగిన నష్టము నీయబడదని వ్రాసియుండును. ఆ సంగతియు తెలిసియుండుట మేలు.

గడ్డకట్టని ద్రవములు

ఉత్తర అమెరికాలో కొన్ని చోట్ల చలి మఱింత తీవ్రముగ నుండుటచే, అచ్చటివారు నీరు విడిచిన పిమ్మట గొట్టములలో ప్రొపిలీన్ గ్లైకాలు కలిపిన ద్రవమును నింపుదురు. అది మిక్కిలి చలిలోగాని గడ్డకట్టదు; త్రాగునీటి గొట్టములకు తగినదిగా చేయబడినది. వసంతకాలమున దానిని కడిగివేయుదురు. అయితే మోటారు ఇంజనులలో పోయు ద్రవములలో తఱచుగా నుండు ఎథిలీన్ గ్లైకాలు దీనికి భిన్నమైనది. పేరులు దగ్గఱగా నున్నను గుణములు దూరము. అది విషము, మూత్రపిండములను చెఱచి ప్రాణము దీయును. పైగా తియ్యగా నుండుటచే పిల్లలును పెంపుడు జంతువులును ఆశపడి త్రాగు ప్రమాదము గలదు. దానిని త్రాగునీటి గొట్టములలో నెన్నడును పోయరాదు. సీసాపై చీటి చదువుట చిన్నపని. చదువకుండుట పెద్ద యపాయము.

చలికాలమందును కారవాన్లలో నివసించువారు

ఇంతవఱకు చెప్పినది సెలవులకు మాత్రమే బండిని వాడువారి సంగతి. బ్రిటనులో కారవానే సొంతయిల్లుగా బ్రదుకు కుటుంబములును గలవు. వారిలో జిప్సీలని లోకము పిలుచు రోమానీ ప్రజలు ముఖ్యులు. వీరి పూర్వులు సుమారు వేయి సంవత్సరముల క్రిందట భారతదేశమునుండి పడమటికి తరలిపోయినవారు. వారి భాష హిందీ, పంజాబీ మొదలగు భాషలకు చుట్టము. నీటికి నేటికిని వారి మాట ‘పాని’. మనము పానీయమనునపుడు పలుకు శబ్దమునకును దీనికిని దగ్గఱ బంధుత్వము గలదు. సువార్త ప్రకటించుచు దేశదేశములు తిరిగిన రాడ్నీ స్మిత్తు, అనగా జిప్సీ స్మిత్తు, 1860లో లండను సమీపమందలి ఎప్పింగు అరణ్యమున నొక డేరాలో రోమానీ కుటుంబమున జన్మించెను, 1947లో మరణించెను. మిషను చరిత్ర యెఱిగినవారికి ఆ పేరు క్రొత్తది గాదు.

ఇట్టి కుటుంబములు చలికాలమంతయు నీరు విడిచి యుండజాలవు. బిడ్డలకు పాలు కాచుటకు, వృద్ధులకు వేన్నీళ్లకు నీరు దినదినమును కావలెను. కావున వారికి మార్గము వేఱు. నీరు విడుచుటకు మాఱుగా దానిని వెచ్చగా నుంచవలెను. వెలుపలి పీపాకు దళసరి కప్పు తొడుగుదురు. నేలచలి తగులకుండ బల్లపై నుంచుదురు. బయటి గొట్టములకు మెత్తని తొడుగులు చుట్టుదురు. రాత్రివేళ పంపును బయటిగొట్టమును లోనికి దెచ్చి, ఉదయపు అవసరమునకు పాత్రలలో నీరు పట్టియుంచుదురు. లోపల వెచ్చదనము ఆరిపోకుండ చూచుదురు. వినోదమునకు పోవువానికి పగిలిన కుళాయి ఖర్చుతో పోవు నష్టము. వీరికైతే ఆ యుదయమున నీరే యుండదు. ఒకే చలి యిద్దఱికిని ఒకే కష్టమును గొనిరాదని మా బాలబాలికలు గుర్తింపవలెను.

వసంతమున మరల

చలి కడచిన పిమ్మట పని తలక్రిందుగా జరుగును. విడుదలమీటలను మూసి, క్రొత్త వడపోత గుళికనుంచి, పీపానింప వలెను. నెలలతరబడి వాడని గొట్టములలో సూక్ష్మజీవులు పెరిగియుండవచ్చును. కావున త్రాగునీటి గొట్టములకని విక్రయించు శుద్ధిద్రవమును చెప్పిన కొలత చొప్పున కలిపి, గొట్టములందు నిలిపి, తరువాత మంచినీటితో చక్కగా కడుగవలెను. ప్రతి యతుకును చేతితో తడిమి తేమ యున్నదేమో చూడవలెను. పగులు చలికాలమున పట్టినను, మంచు కరగి నీరు పాఱునపుడుగాని బయటపడదు. వేన్నీళ్ల కుళాయినుండి నీరు నిండుగా ధారకట్టిన తరువాతనే పాత్రను వేడిచేయవలెను. వట్టిపాత్రను వేడిచేసిన విద్యుత్తీగ కాలిపోవును.

ఈ ధర్మమును మన పాఠశాల బాలురు ఇంటికడనే పరీక్షింపవచ్చును. ప్లాస్టిక్ సీసాలో మూడుపాళ్లు నీరు పోసి, నీటిమట్టముకడ గీత గీసి, మూత బిగింపక శీతలయంత్రపు మంచు అరలో నిలువుగా ఒక రాత్రి యుంచుడు. తెల్లవాఱి చూచిన మంచు ఆ గీతను దాటియుండును. గాజుసీసాను మాత్రము వాడకుడు. అది పగిలి చేతులు గాయపడును. ఆ గీతకును మంచు పైయంచునకును నడుమనున్న యెడమే ఫిరంగిగుండును పగులగొట్టిన బలము.

బుద్ధిగల కన్యకలు పెండ్లికుమారుడు రాకమునుపే సిద్దెలలో నూనె పోసికొనిరి. రానున్నదానిని ముందుగా నెఱిగి, వెలుగుండగనే పని ముగించుటయే వారి బుద్ధి. చలి వచ్చు దినము మనకు తెలియదు. వచ్చుననుట మాత్రము నిశ్చయము. తెఱవవలసిన దారులను ముందుగా తెఱచి, చిక్కుకొన్న నీటిని విడిచిన గృహస్థుడు, వెలుపల మంచు కురియుచున్నను నిశ్చింతగా నిద్రించును.